లెక్కకు నలభై ఎనిమిదే, అయినా...

పొగాకు చేలో తలలు తుంచే రోజు ఒకటి వస్తుంది. మొక్క పూతకు వచ్చీ రాగానే కొసనున్న మొగ్గల గుత్తిని విరిచి సాళ్ల మధ్య పడేస్తారు. బలమంతా గింజకు పోకుండా ఆకుకు పట్టాలన్నది రైతు లెక్క. గోదావరి లంకల్లో చుట్టపొగాకు వేసే రైతుకైనా, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం మెట్టల్లో వర్జీనియా వేసే రైతుకైనా ఆ గుత్తి చెత్తే. పుప్పొడి నుంచి మొక్కను పుట్టించే వాళ్ల పని మాత్రం సరిగ్గా ఆ చెత్తతోనే మొదలవుతుంది.

గుత్తిలోంచి ఒక మొగ్గ తీసుకుని చూద్దాం. ఆకుపచ్చ దొన్నెలాంటి రక్షకపత్రాల అంచు దాకా పూరేకుల గొట్టం పెరిగి, బయటపడీ పడనట్టు ఉండాలి. అంతకంటే చిన్నదైతే తొందర. గులాబీ రంగు తేలిందంటే ఆలస్యం. క్రిమిరహితం చేసిన ఆ మొగ్గను చీలిస్తే లోపల నూకగింజంత పరాగకోశాలు ఐదు కనిపిస్తాయి. ఒక్కో కోశంలో వేల పుప్పొడి రేణువులు, ఒక్కో రేణువులో అప్పటికి ఒకే కేంద్రకం. చక్కెర, లవణాలు కలిపిన అగార్ జెల్లీ మీద ఈ కోశాలను పరిచి మూత పెడతారు. నాలుగైదు వారాలకు కోశం గోధుమరంగు తిరిగి, పగిలి, ఆ పగులులోంచి బుల్లి పచ్చని మొక్కలు గుంపుగా తొంగిచూస్తాయి. తండ్రి వైపు కణం ఒక్కటే, తల్లి లేకుండా, మొక్కయిపోయింది. మొదటిసారి చూసిన వాళ్లెవరికైనా ఒళ్లు జలదరించాల్సిన దృశ్యం అది.

మామూలు పొగాకు మొక్క కణంలో క్రోమోజోములు 48. ఈ బుల్లి మొక్కల్లో ఉండాల్సినవి 24. జంటల్లో ఒక వరసే ఉంటుంది కనుక వీటిని హాప్లాయిడ్లు అంటారు. ఆకు సన్నం, పువ్వు చిన్నది, గింజ కట్టదు. కోల్చిసిన్ అనే మందు పెడితే కణం చీలబోయి ఆగిపోతుంది. రెట్టింపైన క్రోమోజోములు ఒకే కణంలో ఉండిపోతాయి. మన అడవినాభి గింజల్లో, దుంపల్లో ఉండే విషం ఈ కోల్చిసినే. 24 మళ్లీ 48 అవుతాయి. అయితే ఈ 48 అచ్చంగా జంటలు, ప్రతి జంటలో రెండూ ఒకదానికొకటి నకలు. ఏడెనిమిది తరాల పాటు తన పుప్పొడి తనకే పట్టిస్తూ పోతే తప్ప రాని నిఖార్సైన స్వచ్ఛత ఒక్క అంగలో వచ్చేస్తుంది. గింజ వేస్తే అన్నీ ఒక్క పోలిక.

ఇది కాగితం మీది మాట. చేలో అది ఎంత వరకు నిలిచింది, ఆ దారిలో క్రోమోజోములకు ఏమేం జరిగింది అన్నదే ఈ సమీక్షలో నేను పట్టుకున్న ప్రశ్న. అరవై ఏళ్లుగా పోగుపడిన ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందిది: క్రోమోజోముల సంఖ్య తప్పితే పట్టుకోవడం తేలికే. సంఖ్య సరిగ్గా ఉండి లోపల మారిన మొక్కే మోసం చేస్తుంది. దాన్ని పట్టేది మైక్రోస్కోపు ఒక్కటే కాదు, తల్లి వంగడం పక్కన వేసిన చేను కూడా.

కథ మొదలైంది ఉమ్మెత్త దగ్గర. మన చేలగట్ల మీద, రోడ్ల పక్కన తనంతట తాను మొలిచే ఉమ్మెత్తకు వృక్షశాస్త్రంలో పెద్ద చరిత్రే ఉంది. 1922లో అమెరికాలో బ్లేక్స్‌లీ బృందం ప్రకృతిలో పుట్టిన తొలి హాప్లాయిడ్ మొక్కను గుర్తించింది ఉమ్మెత్తలోనే. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను గాజు సీసాల్లో పెంచుతుంటే పిండాలు లేచాయి. వాళ్లు వెతుకుతున్నది వేరు. కోశం లోపల కణాలు క్షయకరణ విభజనకు ఎలా సిద్ధపడతాయో చూడాలనుకున్నారు. కంటపడిన వింతను కొట్టిపారేయకుండా, ఆ పిండాలు పుప్పొడి రేణువుల నుంచే పుట్టాయని 1966 నాటికి రుజువు చేశారు. ఆ తర్వాత రెండేళ్లలోనే ఫ్రాన్స్‌లో బూర్జాన్, నీచ్ పొగాకులో, జపాన్‌లో నీజెకి, ఓనో వరిలో పుప్పొడి మొక్కలు తీశారు. మన దేశంలో మొదలైన పద్ధతుల్లో ప్రపంచమంతా పట్టుకున్నవి ఎన్నో లేవు. ఇది అలాంటిది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఇద్దరి పేర్లు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలని నాకనిపిస్తుంది.

పొగాకు ఈ పనికి తెగ లొంగింది. అందుకే ఈ శాస్త్రంలో సగం సంగతులు పొగాకు మీదే తేలాయి. ఈ విషయాన్ని గోదావరి గట్టు మీద కూర్చుని ఆలోచించడానికి కారణం కూడా అదే. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పెట్టారు. సాగులోని వంగడాలతో పాటు పొగాకు అడవి బంధువులనూ అక్కడ పోగుచేసి కాపాడుతూ వచ్చారు. జయశ్రీ, గోదావరి స్పెషల్ లాంటి పేర్లు నల్లరేగడి రైతులకు కొత్త కాదు. పొగాకు ఒంటికి చేసే హాని తెలిసి కూడా ఈ మొక్క గురించి ఇంత ఇష్టంగా రాయడం ఏమిటని అడిగితే, నా జవాబు ఒకటే. ఆకు సంగతి వేరు, ఆ మొక్క మనకు నేర్పిన పాఠం వేరు. వరికీ మిరపకూ పనికొచ్చే పాఠం ముందు పొగాకులోనే తేలింది.

ముందుగా లెక్కలు తప్పే తీరు చూద్దాం. పుప్పొడి రేణువులో ఒకే కేంద్రకం ఉండగా అది సరిగ్గా విభజన చెంది పిండమైతే 24 వస్తాయి. కానీ రేణువు కొంచెం ముదిరితే లోపల రెండు కేంద్రకాలు ఏర్పడతాయి. అవి విడివిడిగా ఉండాల్సింది పోయి కలిసిపోతే 48. మళ్లీ మరొకటి కలిస్తే 72. ఉమ్మెత్తలో ఇలా కేంద్రకాలు కలిసిపోవడం వల్లే జంట వరసలు, మూడు వరసల మొక్కలు పుడుతున్నాయని ఇంగ్లండ్‌లో సండర్లాండ్ బృందం 1974లో చూపించింది. అదే ఏడాది ఎంగ్విల్డ్ పొగాకు మొగ్గ సైజుకూ పుట్టే మొక్కల క్రోమోజోముల వరసలకూ ఉన్న సంబంధాన్ని చూపాడు. పరిశోధకులు మొగ్గను అంత జాగ్రత్తగా ఎంచుకోవడానికి కారణం ఇదీ.

ఇక రేణువు నేరుగా పిండం కాకుండా, ముందు కాలస్ అనే ఆకారం లేని కణాల ముద్దగా పెరిగి, ఆ ముద్దలోంచి మొక్క లేస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. ముద్దలో ఎన్నాళ్లుంటే అన్ని అవకతవకలు. ఒక క్రోమోజోము వెనకబడిపోతుంది, ఒకటి విరుగుతుంది, ఇంకొకటి రెండింతలవుతుంది. పొగాకు ఎక్కువగా నేరుగా పిండమవుతుంది. వరి ఎక్కువగా ముద్ద దారినే వస్తుంది. అందువల్ల వరిలో కోల్చిసిన్ లేకుండానే తనంతట తాను రెట్టింపైన మొక్కలు బాగా వస్తాయి. అది సుఖమే. ఆ సుఖంతో పాటు మూడు, నాలుగు వరసల మొక్కలూ వస్తాయి.

ఇక్కడ పొగాకుకూ వరికీ ఉన్న ఒక తేడా మన ప్రాంతం వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. పొగాకు రెండు అడవి జాతుల కలయికతో పుట్టింది. నికోటియానా సిల్వెస్ట్రిస్ నుంచి 24, టొమెంటోసిఫార్మిస్ నుంచి 24. అంటే దాదాపు ప్రతి జన్యువుకూ అటువైపు ఒక జత, ఇటువైపు ఒక జత ఉన్నట్టే. అందుకే ఒక క్రోమోజోము పోయినా పొగాకు బతికేస్తుంది. 24 జంటల్లో ఒక్కోదాని నుంచి ఒక్కో క్రోమోజోము పోయిన 24 రకాల మొక్కలనూ క్లాసెన్, కామెరాన్ 1944 నాటికే పోగుచేసి వర్ణించారు. ఒక్కోదాని ఆకు తీరు, పువ్వు తీరు వేరు. ఉమ్మడి కుటుంబంలో ఒకరు ఊళ్లో లేకపోయినా పని ఆగదు కదా, అలాగన్నమాట. వరి అలా కాదు. 24 క్రోమోజోముల వరి మొక్కలో ఒకటి పోతే అది నిలవడమే కష్టం. కనుక వరిలో తప్పు తనంతట తాను బయటపడి చచ్చిపోతుంది. పొగాకులో తప్పు పచ్చగా, ఏపుగా, చేలోకి వచ్చి నిలబడుతుంది. సహనం ఎక్కువున్న పంటకు కాపలా కూడా ఎక్కువ కావాలి.

ఆ కాపలా ఎలా ఉంటుందంటే: మొలక వేరు కొసను పొద్దున పూట తుంచి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం మిశ్రమంలో వేస్తారు. తర్వాత రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, పైన పల్చటి గాజు కప్పి బొటనవేలితో నొక్కుతారు. వేలు కాస్త జారిందా, కణం చితికి క్రోమోజోములు పక్క కణంలోకి వెళ్లిపోతాయి. లెక్క సర్వనాశనం. పొగాకు క్రోమోజోములు చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. 47, 48, 49 మధ్య తేడా పట్టాలంటే ఒక మొక్కకు పది కణాలైనా ఓపిగ్గా చూడాలి. అంత ఓపిక లేని చోట ఆకు అడుగు పొర ఒలిచి, పత్రరంధ్రాల కాపలా కణాల్లో హరితరేణువులు లెక్కపెడతారు. ఒంటి వరస మొక్కలో అవి తక్కువ, కణాలూ చిన్నవి. ఒంటి వరసా, జంట వరసా అని తేల్చడానికి అది చాలు. ఒక్క క్రోమోజోము పోయిన సంగతి అది చెప్పదు. కోల్చిసిన్ పెట్టిన మొక్కతో ఇంకో చిక్కు ఉంది. వేరులో 24 ఉండి కొమ్మలో 48 ఉండవచ్చు, లేదా కొమ్మలోనే ఒక పొర అలా, ఒక పొర ఇలా ఉండవచ్చు. కనుక అసలు సాక్ష్యం దాని పూమొగ్గలో పుప్పొడి తల్లి కణాల దగ్గర దొరుకుతుంది. 24 జంటలు చక్కగా బారులు తీరాయా, లేక జత లేనిది ఒకటి మూల నిలబడిందా అని చూడాలి.

ఇవన్నీ దాటి 48 తేలిందనుకుందాం. అక్కడితో నిశ్చింత అని 1970ల మొదట్లో అందరూ అనుకున్నారు. చైనాలో, జపాన్‌లో పుప్పొడి నుంచి తీసిన పొగాకు వంగడాలు అప్పటికే పొలాలకు వచ్చాయి. 1976లో అమెరికాలోని నార్త్ కరోలినాలో బర్క్, మాట్జింగర్ ఒక సీదాసాదా ప్రయోగం చేశారు. తరతరాలుగా తనలో తానే గింజ కడుతూ వచ్చిన కోకర్ 139 అనే స్వచ్ఛమైన వంగడాన్ని తీసుకున్నారు. స్వచ్ఛమైన తల్లి పుప్పొడి నుంచి వచ్చే రెట్టించిన హాప్లాయిడ్లు అన్నీ తల్లిలాగే ఉండాలి. ఒకదానికొకటి కవలల్లా ఉండాలి. ఉండలేదు. ఒక్కో పుప్పొడి మొక్క సంతతిని ఒక వరస అనుకుంటే, ఆ వరసల మధ్య తేడాలు తేలాయి. సగటున తల్లి కంటే దిగుబడి తగ్గింది, ఏపు తగ్గింది. ఆ తర్వాతి ఏళ్లలో మరికొన్ని వంగడాల మీదా ఇదే ధోరణి కనిపించింది.

ఎందుకు? తల్లిలో దాగిన మిశ్రమం ఏదో బయటపడిందేమో అన్నారు కొందరు. కోల్చిసిన్ చేసిన పాడేమో అన్నారు మరికొందరు. దాన్ని తేల్చడానికి ఒక తెలివైన దారి దొరికింది. 1979లో బర్క్, గెర్స్టెల్, వెర్న్స్‌మన్ నికోటియానా ఆఫ్రికానా అనే అడవి జాతి పుప్పొడిని పొగాకు మీద చల్లితే, బతికిన కొద్ది మొలకల్లో తల్లి వైపు 24 క్రోమోజోములే ఉన్నవి దొరికాయని చెప్పారు. అంటే ఇప్పుడు రెండు రకాల హాప్లాయిడ్లు చేతికొచ్చాయి: అండం నుంచి వచ్చినవి, పుప్పొడి నుంచి వచ్చినవి. రెండింటినీ రెట్టించి పక్కపక్కన వేసి చూస్తే, అండం దారిన వచ్చినవి తల్లికి బాగా దగ్గరగా ఉన్నాయి. దెబ్బతిన్నవి ఎక్కువగా పుప్పొడి దారిన వచ్చినవే. నేరం మొత్తం రెట్టింపు మీద మోపలేం. పుప్పొడి కణాన్ని గాజులో మొక్కగా మళ్లించే ఆ దారిలోనే ఏదో జరుగుతోంది.

ఆ జరుగుతున్నదాని జాడ డీఎన్ఏ పరిమాణంలో దొరికింది. ఫ్రాన్స్‌లో దె పాయెప్ బృందం పొగాకు తల్లిజాతి సిల్వెస్ట్రిస్‌లో ఒక పుప్పొడి మొక్క నుంచి మళ్లీ పుప్పొడి మొక్క, దాని నుంచి ఇంకొకటి, ఇలా చక్రాలు తిప్పింది. చక్రం తిరిగిన కొద్దీ మొక్క నీరసించింది. క్రోమోజోముల సంఖ్య మారలేదు, కేంద్రకంలో డీఎన్ఏ మాత్రం పెరిగింది. పెరిగింది కూడా పనికొచ్చే జన్యువులు కాదు, ఒకే మాట వెయ్యిసార్లు రాసినట్టుండే పునరుక్తి భాగాలు. 1983లో నార్త్ కరోలినా వాళ్లు అదే కోకర్ 139 సంతతిని కొలిచి, పుప్పొడి వరసల్లో డీఎన్ఏ, దట్టంగా రంగు పట్టే హెటిరోక్రొమాటిన్ తల్లిలో కంటే ఎక్కువున్నాయని చెప్పారు. అంటే పుస్తకంలో పేజీల సంఖ్య మారలేదు, కొన్ని పేజీలు ఉబ్బిపోయాయి. ఈ మార్పు ఒక తరంతో పోయేది కాదు, గింజతో పాటు పిల్లలకు దిగుతుంది.

ఈ ఫలితాల ముందు నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తుంది. పుప్పొడి మొక్కల గుణం చెప్పేటప్పుడు మనం రెండు మాటలను కలిపేస్తున్నాం. ఒకే వరసలోని మొక్కలన్నీ ఒకేలా ఉంటాయన్నది నిజం. ఆ వరస తల్లిలా ఉంటుందన్నది వేరే మాట, దానికి హామీ లేదు. వర్జీనియా రైతుకు మొదటిది ఎంతో ముఖ్యం. బ్యారన్‌లో కట్టిన ఆకంతా ఒకే తీరున పండి, ఒకే తీరున ఆరాలి. లేకపోతే వేలంలో గ్రేడు పడిపోతుంది. కానీ ఒకే తీరున బలహీనంగా ఉన్న చేను కూడా ఒకే తీరున ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ తేడా పట్టాలంటే తల్లి వంగడాన్ని పక్క సాళ్లలో వేసి, కనీసం రెండు మూడు ఏళ్లు, రెండు మూడు నేలల్లో తూచాలి. నల్లరేగడిలో నిలిచింది జీలుగుమిల్లి తేలికనేలలో నిలవకపోవచ్చు.

ఇప్పుడు వరి. డెల్టాలో వరి మాట ఎత్తితే మార్టేరు పేరు రాక తప్పదు. 1925లో మొదలైన ఆ పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతా పాకింది. వశిష్ట, మసూరి సంకరం నుంచి పాత పద్ధతిలో ఎంచి తీసిన వంగడం అది. పుప్పొడి దారి ఇలాంటి పనిని ఎంత తగ్గిస్తుంది? ఐదు జన్యువులు కోరిన విధంగా స్థిరపడిన మొక్క కావాలంటే సంకరం రెండో తరంలో 1024 మొక్కలకు ఒకటి దొరుకుతుంది. రెట్టించిన హాప్లాయిడ్లలో 32కి ఒకటి. ఇది చిన్న లాభం కాదు. అయితే స్థిరపడే కాలం సంగతి వేరు. సార్వా, దాళ్వా రెండూ పండే డెల్టాలో ఏడాదికి రెండు తరాలు నడుస్తాయి. ఏడెనిమిది తరాలంటే నాలుగేళ్లు. ఏడాదికి ఒకే పంట ఉన్న పొగాకులో ఆదా అయ్యేన్ని ఏళ్లు డెల్టా వరిలో ఆదా కావు. ఈ లెక్క వేసుకోకుండా ప్రయోగశాల కట్టడం తొందరపాటే.

పైగా మన వరి ఇండికా రకం. చిరుపొట్ట దశలో వెన్ను కోసి, వారం పాటు చల్లదనంలో ఉంచి, ఎంత జాగ్రత్తగా పెంచినా ఇండికా పరాగకోశాలు జపానికా అంత తేలిగ్గా పలకవు. పలికిన వాటిలోనూ పాల తెలుపు మొక్కలు వస్తాయి. సీసాలో చూడ్డానికి అందంగా ఉంటాయి, బయటికి తీస్తే బతకవు. ఇది కేంద్రకంలోని క్రోమోజోముల గొడవ కాదు. హరితరేణువులకు సొంతంగా ఉండే డీఎన్ఏలో పెద్ద ముక్కలు ఎగిరిపోయి ఉంటాయని వరిలో, గోధుమలో తేలింది. పుప్పొడి మొక్కల మార్పుల జాబితాలో దీన్ని విడిగా రాసుకోవాలి. ఇంత కష్టంలోనూ కటక్ వరి పరిశోధనా సంస్థ వాళ్లు సత్యకృష్ణ, ఫల్గుణి అనే వంగడాలను పరాగకోశాల నుంచి తీసి రైతులకిచ్చారు. పట్టుదలకు ఫలితం ఉంటుందని అవి చెబుతున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో కోయంబత్తూరులో కె. రామయ్య, పార్థసారథి, రామానుజం 1933లో వరిలో హాప్లాయిడ్ మొక్కను గుర్తించి రాశారన్నది కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గాజుసీసాలు లేని కాలంలో, చేలో పొట్టిగా, తాలుగా నిలబడిన ఒక మొక్కను చూసి అనుమానించిన కళ్లవి.

మార్పులన్నీ నష్టమేనా అంటే కాదు. పొగాకులో మొజాయిక్ తెగులును తట్టుకునే గుణం మామూలు పొగాకుది కాదు, 24 క్రోమోజోముల గ్లూటినోసా అనే అడవి జాతిది. 1925లో క్లాసెన్, గుడ్‌స్పీడ్ చేసిన సంకరంతో మొదలై, 1938 నాటికి హోమ్స్ దాన్ని పొగాకులోకి దించాడు. వచ్చింది జన్యువు ఒక్కటే కాదు, దాని చుట్టూ అడవి క్రోమోజోము ముక్క కూడా. తెగులు ఆగింది, ఆకు నాణ్యత కాస్త కుంటుపడింది. ఇలాంటి సంకరాల పుప్పొడిని గాజులో పెంచితే రకరకాల విరుగుళ్లు, అతుకులు ఉన్న వరసలు ఒకేసారి స్థిరంగా చేతికొస్తాయి. అడవి ముక్క ఎక్కడ చిన్నగా తెగిందో వెతుక్కోవచ్చు. స్వచ్ఛమైన వంగడాన్ని నకలు తీసేటప్పుడు శత్రువైన మార్పు, అడవి గుణాన్ని తెచ్చేటప్పుడు చుట్టమవుతుంది. రాజమండ్రిలో అడవి జాతులను ఏళ్ల తరబడి బతికించి ఉంచడం విలువ అక్కడ తెలుస్తుంది.

రాజమండ్రి సంస్థ ఇప్పుడు జాతీయ వాణిజ్య వ్యవసాయ పరిశోధనా సంస్థగా మారి మిరప, పసుపు, ఆముదం, అశ్వగంధల వైపు కూడా చూస్తోంది. పసుపుకు ఈ పద్ధతి నప్పదు. మూడు వరసలతో 63 క్రోమోజోములున్న పంట, దుంపతోనే బతుకుతుంది. మిరప నప్పుతుంది. 1973లోనే మన దేశంలో జార్జ్, నారాయణస్వామి మిరప పరాగకోశాల నుంచి హాప్లాయిడ్లు తీశారు. హైబ్రిడ్ మిరప విత్తనానికి స్థిరమైన తల్లిదండ్రులు కావాలి, వాటిని త్వరగా తీయడానికి ఇంతకంటే సూటి దారి లేదు. కానీ మిరప 24 క్రోమోజోముల మామూలు జంట వరస పంట. పొగాకులా లోపాన్ని మోసుకు తిరగదు, తప్పుంటే ఎక్కువగా ముందే చూపిస్తుంది. జల్లెడ పట్టడం కొంత తేలిక.

కోనసీమ వాళ్లకు దగ్గరైన కొబ్బరి సంగతి ఇంకా ఆసక్తికరం. కొబ్బరిని తనలో తాను గింజ కట్టించి స్థిరపరచాలంటే తరానికి ఆరేడేళ్లు. ఏడు తరాలంటే ఒక మనిషి ఉద్యోగకాలం చాలదు. శ్రీలంక శాస్త్రవేత్తలు కొబ్బరి పరాగకోశాల నుంచి మొక్కలు రాబట్టి, ఏళ్లను ఒక్క అంగలో దాటే దారి ఉందని చూపారు. కొబ్బరికి మామూలు క్రోమోజోములు 32. ఆ మొక్కల్లో తనంతట రెట్టింపైనదేది, ఉబ్బిన డీఎన్ఏ మోస్తున్నదేది అన్నది అంబాజీపేట తోటలో ఎవరైనా ఒకనాడు తేల్చాల్సి వస్తే, చెట్టు గెల వేసేదాకా ఆగి చూసే తీరిక ఉండదు. పొగాకులో రెండేళ్ల చేను చెప్పిన మాటను కొబ్బరిలో నారు దశలోనే, వేరు కొసలోనూ డీఎన్ఏ కొలతలోనూ చదవగలగాలి. ఆ చదువుకు అక్షరాలు దిద్దించింది మాత్రం తలలు తుంచి సాళ్లలో పడేసే ఆ మొగ్గల గుత్తే.